గజాలక్క చాట, ఏడో చందమామ

కథ చెప్పడంలో కోరుట్ల మొత్తానికి నాకు పోటీ వచ్చే మనిషి ఒక్కతే ఉంది. నేను నోరు విప్పితే బస్టాండులో స్టార్టయిన బస్సు ఇంజన్ ఆపుకుని వింటుంది. జగిత్యాల పోవాల్సినవాళ్లు దిగి నా చుట్టూ కూర్చుని, రేపటి బస్సుకు పోతారు. ఇందులో అబద్ధముంటే నా ఆటోకు నాలుగో చక్రం మొలవనీ. అయినా గజాలక్క ముందు నాది రెండో నంబరే. నేను ఉన్నదానికి పది కలిపి చెబుతాను. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పి కూడా మనుషుల్ని కదలనివ్వదు. తొమ్మిదో తరగతి సగంలో బడి నన్ను పోగొట్టుకుంది గానీ, ఈపాటి తేడా తెలుసుకునే తెలివి నాకుంది.

గజాలక్కకు నలభై రెండేళ్లు. పదమూడో ఏట నుంచి బీడీలు చుడుతోంది. భర్త అఫ్సర్ పెళ్లి పందిళ్లకు లైట్లు కడతాడు. పెళ్లిళ్లున్న నెలలో పని, లేని నెలలో మంచం. అత్త జులేఖాబీ, పక్కింటి పోచమ్మ, ఎదురింటి నర్సక్క, గజాలక్క, నలుగురూ పొద్దున పదింటికల్లా జులేఖాబీ వరండాలో చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. కార్ఖానా నుంచి వాళ్లకు ఆకూ తంబాకూ తెచ్చేది, చుట్టిన బీడీలు కార్ఖానాకు చేర్చేది నా ఆటో.

ఆ వరండాలో ఒక రివాజు ఉంది. కథ చెప్పే మనిషి చేతులు తిప్పుతూ చెప్పాలి గనుక బీడీ చుట్టలేదు. అందుకని వినేవాళ్లు తమ బీడీల్లోంచి తీసి ఆమె చాటలో వేస్తారు. కథ బాగుంటే గుప్పెడు నిండుగా, బాగాలేకుంటే వేళ్ల సందున పట్టినన్ని. ఎవరూ నోటితో మెచ్చుకోరు, నోటితో తిట్టరు. కథ లేకుండా వేస్తే మాత్రం తీసుకోకూడదు. "కథకు ఏత్తె కూలి, ఊకెనే ఏత్తె బిచ్చం" అని జులేఖాబీ అత్తగారి కాలం నాటి మాట.

ఈ ఫిబ్రవరిలో గజాలక్క కుడి చేతి వేళ్లు మొద్దుబారాయి. కత్తెర పట్టుకుంటే జారిపోయేది. నా ఆటోలోనే జగిత్యాల తీసుకుపోయాను. మణికట్టు దగ్గర నరం నలిగిందని డాక్టర్ కోసి కుట్టాడు. కుట్లు విప్పేనాడు మాత్రం కళ్లజోడు తీసి మరీ చెప్పాడు: "మూడు నెలలు ఈ చేత్తో చుట్టడం లేదు, నలపడం లేదు. మాట వినకపోతే వేళ్లు పోతాయమ్మా. అప్పుడు మళ్లీ కోసినా లాభం లేదు."

ఆటోలో కూర్చున్నాక ఆమె అడిగింది వేళ్ల గురించి కాదు.

"తమ్మీ, మరి కార్డు?"

వారం వారం కార్డు మీద బీడీలు పడాలి. వరసగా పడకపోతే కార్ఖానావాళ్లు పేరు కొట్టేస్తారు. పేరు పోతే ఇరవై తొమ్మిదేళ్లకు వచ్చే పీఎఫ్, పింఛను అన్నీ గల్లంతు. మొదటి వారం ముగ్గురు ఆడవాళ్లూ తలా ఇన్ని చుట్టి ఆమె చాటలో పోశారు. ఆమె ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. చివరికి జులేఖాబీయే దారి చూపింది.

"మూడు నెలలు నువ్వే కథ చెప్పు బేటీ. చాట దానంతటదే నిండుతది."

గజాలక్క దగ్గర కథ సిద్ధంగా ఉంది. 'సాత్వా చాంద్' అని ఫోన్లో హిందీలో వచ్చే పరదేశపు సీరియల్. ఏడో చందమామ అన్నమాట. నాలుగేళ్లుగా ఒక్క ఎపిసోడ్ వదలకుండా చూసింది. భూమి పాడైపోతే, నాలుగు వందల మందిని గాజు పెట్టెల్లో నిద్రపుచ్చి, ఏడో చందమామ మీదికి తీసుకుపోయే ఒక నావ. అందరూ పడుకుంటే ఒక్కతే మేలుకుని వాళ్లను కాచే కెప్టెన్ ఇరీనా. పోచమ్మకు, నర్సక్కకు హిందీ రాదు. జులేఖాబీ కళ్లకు ఫోను ఆనదు. గజాలక్క తెలుగులో చెప్పేసరికి ఇరీనా కాస్తా ఈరమ్మ అయింది, ఆమెతో ఉండే యంత్రం డబ్బాగాడయింది. నావలో గాలి సరిపోకపోతే ఈరమ్మ తన వంతు గాలిని పక్క పెట్టెలోని పిల్లకు మళ్లించిన రోజు నర్సక్క ముక్కు చీది, రెండు చేతులతో ఎత్తి వేసింది.

రెండు నెలలు పాత నాలుగు భాగాలతో గడిచాయి. మూడో నెల మొదట్లో ఐదో భాగం మొదలైంది, రోజుకొక ఎపిసోడ్. గజాలక్క సాయంత్రం చూసి మర్నాడు చెప్పేది. గండం అక్కడే మొదలైంది.

మూడో ఎపిసోడ్‌లో ఒక అందగాడు నిద్రలేచి, పదకొండేళ్లుగా నావ నడుపుతున్న ఈరమ్మకు నావ ఎలా నడపాలో నేర్పాడు. ఐదో ఎపిసోడ్‌లో, ఎప్పుడో రెండో భాగంలో చచ్చిపోయిన వంటవాడు తిరిగొచ్చాడు.

"సచ్చినోడు మల్ల అచ్చిండా?" అంది పోచమ్మ. "మరి మొన్న నేనేడ్సిన ఏడుపు ఎవ్వలిత్తరు?"

"నేనేం జేయాలె పోచమ్మా? ఆల్లు జూపింది నేను చెప్తున్న."

"ఆల్లకు తెల్వకుంటె నీకన్న తెల్వద్దా?"

ఆ రోజు చాటలో పడినవి అడుగును కూడా కప్పలేదు. నర్సక్క నాలుగు వేసి, అందులో ఒకటి వెనక్కి తీసుకుంది. అది నేను కళ్లారా చూశాను.

అయినా ఆ వారం గజాలక్క బీడీలు తగ్గలేదు. నాకు ఆశ్చర్యమేసింది. కార్ఖానాలో బీడీలు పరీక్షించే జగదీశ్ ఆమె కట్టలు విప్పి, సగానికి సగం పక్కకు తోశాడు. ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కి చూపించాడు. తంబాకు పొడిలా రాలింది.

"ఇరవై తొమ్మిదేండ్ల చెయ్యి చుట్టిన బీడీయేనా ఇది? మల్ల గిట్లనే వస్తే కార్డు మీద రాయ. చెప్పు ఆమెకు."

ఆ బీడీలు పోచమ్మవి కావు, నర్సక్కవీ కావు, జులేఖాబీవీ కావు. వాళ్ల చేతి బిగువు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. నేరుగా గజాలక్క ఇంటికి పోయాను. ఆమె కుడి చేయి కొంగులో దాచుకుంది.

"చెయ్యి జూపియ్యక్కా."

"నీకెందుకు?"

"ఎన్నొద్దుల నుంచి సుడుతున్నవ్?"

ఆమె కొంగు తీసింది. మణికట్టు ఉబ్బి, కుట్ల గీత ఎర్రగా మెరుస్తోంది.

"ఆరొద్దులు," అంది. "అందరు లేవకముందు. కథకు పడనియి ఏడికెల్లి తేవాలె తమ్మీ? ఇంకా ఇరవై రోజులున్నయి."

నాలాంటివాడు ఊరికే ఉంటాడా. ఒకసారి వెల్గటూరు రేవులో పడవవాడికి కథ చెబితే, వాడు తెడ్డు వేయడం మరిచినా గోదావరే పడవను అవతలి ఒడ్డుకు మోసింది. అంతటి నేను ఒక చెడిపోయిన సీరియల్‌ను బాగుచేయలేనా?

"సీరియల్‌ను ఇడిశిపెట్టు," అన్నాను. "రేపటి నుంచి నేను చెప్పింది నువ్ చెప్పు."

"ఉత్త మాటలా? నేను చెప్ప."

"చెయ్యి పోగొట్టుకుంటవా మరి?"

ఆమె చాలాసేపు తన బొటనవేలిని చూసుకుంది. "ఈరమ్మ నోట్లె పిచ్చి మాటలు పెట్టకు," అంది చివరికి. ఒప్పుకున్నట్టే.

నావలో నీళ్లు అయిపోయాయన్నాను. దారిలో ఒక గ్రహం మీద నది కనబడింది. ఈరమ్మ పైనుంచి పైపు దించింది. నీళ్లతోపాటు ఆర్టీసీ బస్సంత చేప ఇరుక్కుని పైకొచ్చింది, నావలో నీళ్లన్నీ తాగేస్తోంది. చంపితే నీళ్లు మిగులుతాయి. కానీ దాని కడుపులో గుడ్లున్నాయి. ఇప్పుడేం చేయాలి?

మర్నాడు గజాలక్క కళ్లు దించుకుని అది చెప్పింది. చాట నిండింది. రెండో రోజు పొంగింది. చేప ఏమైందో తేలేదాకా లేవనని పోచమ్మ పొయ్యి మీద పప్పు మాడ్చుకుంది. నేను గుమ్మం దగ్గర కూర్చుని మీసం దువ్వుకుంటున్నాను. గజాలక్క మాత్రం చాట వైపు చూడటం మానేసింది. సాయంత్రం ఫోన్లో అసలుది చూస్తోంది, పొద్దున నాది చెబుతోంది. రోజు రోజుకూ ఆమె గొంతు సన్నబడుతోంది.

ఐదో రోజు జేబా వచ్చింది. జేబా జులేఖాబీ కూతురు, సిరిసిల్లలో కాపురం. మగ్గాల షెడ్డుకు రెండు రోజులు సెలవని అమ్మను చూడటానికి వచ్చి, వరండాలో తల్లి పక్కనే కూలబడింది. అప్పుడే నర్సక్క ఆకు కత్తిరిస్తూ అంది:

"ఇగ చెప్పు గజాలా. చేప గుడ్లు పెట్టిందా?"

"ఏం చేప?" అంది జేబా.

"సాత్వా చాంద్‌ల చేప బిడ్డా. బస్సంత ఉంటది."

జేబా పక్కున నవ్వింది. "భాబీ, అండ్ల చేపెక్కడిది? నేను నిన్నటిదాక సూసిన."

కత్తెరలు ఆగాయి. నేనే అందుకున్నాను. "సిరిసిల్ల మగ్గాల సప్పుడుల నీకు సగమే ఇనవడి ఉంటది జేబా. చేప మెల్లగ అచ్చింది."

ఎవరూ నవ్వలేదు.

"తమ్మీ, ఊకో," అంది గజాలక్క. "చేప లేదు పోచమ్మా. నాలుగొద్దుల నుంచి చెప్పిందంత ఉత్తదే."

చాట ఎత్తి, నిన్న చేప కథకు పడిన బీడీలన్నీ చాప మధ్యలో కుమ్మరించింది. "గివి మీయి. తీస్కపోన్రి."

"బీడీలది కాదు," అంది నర్సక్క నెమ్మదిగా. "మమ్ములను ఎర్రోల్లను చేసినవ్ గదనే. పప్పు మాడవెట్టుకున్నదీమె."

గజాలక్క అత్త ఒళ్లోంచి కత్తెర తీసుకుంది. ఒక ఆకు అందుకుంది, కుడి చేత్తోనే. బొటనవేలు వంగడం లేదు. ఎడమ చేత్తో దాన్ని వంచి కత్తెర రంధ్రంలో దూర్చింది. ఆకు వంకరగా తెగింది. ఇంకొకటి తీసింది. నేను లేచి కత్తెర లాక్కోబోతే ఒక చూపు చూసింది, మళ్లీ కూర్చున్నాను. జులేఖాబీ కూడా వద్దనలేదు. కథ లేకుండా తీసుకోకూడదన్న రివాజు ఆమె ఇంటిదే మరి. మూడో ఆకుకు గజాలక్క పంటి కింద పెదవి నొక్కుకుంది.

"మరి అసలుది ఏందే?" అంది పోచమ్మ. "ఈరమ్మ సచ్చిపోయిందా?"

"సచ్చినా బాగుండు."

"ఏమైంది?"

"చెప్పెతట్టు లేదు పోచమ్మా."

"నాలుగొద్దులు చేపను మింగిపిచ్చినవ్. ఇదిగూడ మింగుతం, చెప్పు."

గజాలక్క ఆకు మీద నుంచి కళ్లెత్తలేదు. "ఆ నావ లేవనే లేదు. పదకొండేండ్లు భూమ్మీదనే ఉన్నది, ఒక రేకుల షెడ్డుల. గాజు పెట్టెలల్ల మనుషులే లేరు. బొమ్మలు. ఒంటరి మనిషి నిద్ర లేకుంట ఎన్నేండ్లు ఓర్సుకుంటదో సూద్దామని, పెద్దసార్లు అద్దమెన్క కూసోని సూసిండ్రట."

"మరి గాలిచ్చిన పిల్ల?" అంది నర్సక్క.

"బొమ్మనే."

"తెలిసినంక ఈరమ్మ ఏమన్నది?"

"నవ్వింది." గజాలక్క కళ్లెత్తింది. "నవ్వి, సార్లకు చెయ్యిచ్చి, ఆల్లతోని ఫోటో దిగింది నర్సక్కా. పదకొండేండ్లు కన్ను మూయని మనిషి! తలుపు తన్నద్దా? అద్దం పలగ్గొట్టద్దా? ఎవని కోసం కాసిన్నని అడగద్దా?"

కత్తెర ఎప్పుడు కింద పెట్టిందో ఆమెకే తెలియదు. చేతులు రెండూ గాలిలోకి లేచాయి. ఆ పెద్దసార్లు ఎలా నవ్వారో చూపించింది, అందగాడు జుట్టెలా ఎగరేశాడో చూపించింది, రాసినవాడిని, తీసినవాడిని, వాడి ఏడు తరాలను ఉర్దూలో సగం తెలుగులో సగం కడిగేసింది. పదిహేను రోజులు గొంతులో దాచుకున్నదంతా బయటికొచ్చింది. పోచమ్మ మధ్య మధ్యలో తన తిట్లు కలిపింది. జేబా "ఆ ఫోటో కాడ నేనైతే ఫోను ఇసిరి కొట్టిన భాబీ" అంది. ఎప్పుడు మొదలుపెట్టారో గానీ కత్తెరలు మళ్లీ ఆడుతున్నాయి, మునుపటికన్నా వేగంగా.

మొదటి గుప్పెడు జులేఖాబీ వేసింది. గజాలక్క ఆగి ఆమె వైపు చూసింది.

"ఇది కథ గాదమ్మీ. తిట్లు."

"నేనిన్నది కథనే," అంది జులేఖాబీ.

పోచమ్మ వేసింది. నర్సక్క వేయలేదు. చాపమీద కుమ్మరించిన వాటిలో తనవి ఏరుకుని, చాట చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. మూడో రోజు దాకా మళ్లీ రాలేదు. వచ్చిన రోజు దూరంగా కూర్చుంది, మాట్లాడకుండా విన్నది, పోయేటప్పుడు సగం గుప్పెడు వేసింది. మిగిలిన రోజులు అలాగే గడిచాయి. సీరియల్ ఎంత చెడితే గజాలక్క అంత చెడ్డగానే చెప్పింది, తర్వాత అందరూ కలిసి దాన్ని ఉతికారు. చేప నాళ్లలాగా చాట పొంగలేదు. కార్డు మీద పేరు మాత్రం నిలిచింది. జగదీశ్ ఒక్క కట్ట కూడా తోసేయలేదు. నన్ను గుమ్మం అవతలే కూర్చోమన్నారు, నోటికి తాళమేసి. నా అంతటివాడికి!

మూడు నెలలు నిండినాక మళ్లీ జగిత్యాల పోయాం. డాక్టర్ ఆమె వేళ్లను ఒక్కొక్కటే సూదితో తాకి చూశాడు. బొటనవేలి కొస దగ్గర ఆగి, మళ్లీ తాకాడు.

"మధ్యలో చుట్టావా?"

నేను నోరు తెరిచాను. నా దగ్గర అప్పటికే మంచి కారణం ఒకటి తయారుగా ఉంది. ఆమె అంతకన్నా ముందే, "చుట్టిన. ఆరు రోజులు" అంది.

ఆయన కోప్పడలేదు. చేయి పని చేస్తుందనీ, బీడీలు మెల్లగా మొదలుపెట్టవచ్చనీ, ఆ కొసకు మాత్రం ఇక స్పర్శ తిరిగి రాదనీ చెప్పాడు.

తిరుగు దారిలో మెట్‌పల్లి రోడ్డు మీదికి ఎక్కాక ఆమె ఫోనులో ఏదో మోగింది. ఆరో భాగం వస్తోందని కబురు. ఆమె ఫోను వంక చూసింది, బొటనవేలితో తెరమీద రెండు మూడుసార్లు ఒత్తింది. ఏమీ కాలేదు.

"ఆటో ఆపు తమ్మీ."

పక్కకు తీసి ఆపాను. ఫోను నా చేతిలో పెట్టింది.

"గీ సాత్వా చాంద్‌ను ఫోన్లకెల్లి తీసెయ్. నేనొత్తింది దానికి తెలుస్తదో లేదో, నాకైతే తెలుస్తలేదు."

నాలుగేళ్లు చూసింది కదా, ఇంకోసారి ఆలోచించుకొమ్మని అనబోయాను. ఆమె ఎడమ చేత్తో కుడి బొటనవేలిని పట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. మాట మింగి తీసేశాను.

"పోయిందా?"

"పోయిందక్కా."

"మల్లొకసారి సూడు," అంది.

చూశాను. లేదు.