పోటు అంటే ఏ పోటు?

ఇన్నేళ్లుగా ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా "మళ్లీ మొదలుపెట్టినాడు" అన్నట్టు మొహం తిప్పుకున్నవాళ్లే గాని, కూర్చుని విన్నవాళ్లు లేరు గనక, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. పోయిన ఆదివారం సూళ్లూరుపేటలో మా అమ్మాయి ఇంట్లో, వంటింట్లోంచి ఎండు నెత్తళ్ల చేపలు వేగుతున్న వాసన వస్తుండగా, టీవీలో ఒక సినిమా చూశాను. ఒక చిన్న ఊళ్లో ఆడవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని చంపుతున్నవాడి కోసం పోలీసులు ఏళ్ల తరబడి వెతుకుతారు, వాడు దొరకడు. అంతే కథ. సగంలో మా అల్లుడు ఫోను అందుకున్నాడు. అయిపోయాక ఆవులిస్తూ, "ఏంది మామా ఇది, ఇంతసేపు కూర్చోబెట్టి ఎవడు చంపినాడో చెప్పకపోతే ఎట్టా?" అన్నాడు.

"చెప్పలేదు గనకే అది మంచి సినిమా," అన్నాను.

"నీకు ఒకటి నచ్చిందంటే నమ్మలేకుండా ఉండా. మా పెళ్లిలో సాంబారు చల్లారిందని వంటోళ్ల మీద కంప్లయింటు ఇచ్చిన మనిషివి!"

ఇచ్చాను. సాంబారు నిజంగానే చల్లారింది. అది వేరే సంగతి.

నత్తనడక అని అందరూ తిట్టుకుంటున్న ఆ సినిమాలో, చచ్చిపోబోయే మనిషి ఎలా బతికేదో తెలిశాక గాని ఆమె శవాన్ని చూపించరు. ఒకామె కుట్టుమిషను దగ్గర కూర్చుని, సూదిలో దారం ఎక్కించలేక, దారం కొసను నోట్లో తడుపుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దారం ఎక్కేదాకా కెమెరా కదలదు. ఆ తర్వాత ఆమె లేకుండా ఆ మిషనును చూపిస్తారు. తుపాకులు, ఛేజింగులు కావాలనేవాళ్లకు అది విసుగ్గానే ఉంటుంది. చచ్చిపోయింది వాళ్ల మనిషి కాదు గదా. మా చెంగమ్మత్త కోసం మాత్రం ఎవరూ ఆ సూదిలో దారం ఎక్కించేంతసేపు కూడా ఆగలేదు.

చెంగమ్మత్త మా నాయన చెల్లెలు. మొగుడు పోయాక, వాకాడుకు తూర్పున ఉప్పుటేటికీ సముద్రానికీ మధ్య ఉన్న మా ఊరికే తిరిగొచ్చి మాతోనే ఉండిపోయింది. ఎండాకాలం తెల్లారేసరికి ఇసకలో పాత వలలు పరిచి, ఉప్పు పట్టించిన నెత్తళ్లు వాటి మీద పల్చగా జల్లేది. కాకుల్ని తోలడానికి మా పిలకాయలందరికీ తలా ఒక సరుగుడు కొమ్మ ఇచ్చి కాపలా పెట్టేది. ఎండెక్కే కొద్దీ చేపలు వెండి రేకుల్లా గలగలమనేవి, కాళ్లు కాలుతుంటే మేము ఒంటికాలి మీద గెంతుతూ అదే ఒక ఆట చేసుకునేవాళ్లం. ఎండిన చేపల్ని గంపకెత్తుకుని లోపలి పల్లెలకు నడిచిపోయి, వడ్లకూ వేరుశనక్కాయలకూ మార్చుకుని, పొద్దు వాలాక ఏరు దాటి వచ్చేది. గంప దించగానే మాకు కావలసింది అడుగున ఉండేది: ఏ రైతింటి ఇల్లాలో పెట్టిన అరిసెలు, తాటిబెల్లం ముక్కలు, అన్నిటికీ చేపల వాసనే. మామిడికాయలు వచ్చే రోజుల్లో అత్త పెట్టే వంజరం చేప పులుసు మరునాటికి ఇంకా రుచెక్కేది, కుండ అడుగు నాకడానికి మాలో మాకు తన్నులాటలు. గాలిని ముక్కుతో ఒకసారి పీల్చి, నీళ్లు పొంగే పోటు వస్తుందో, వెనక్కి పోయే పాటు తీస్తుందో చెప్పగల మనిషి ఆమె. పడవల వాళ్లు కూడా ఆమెనే అడిగేవాళ్లు.

అలాంటి మనిషి వానలు వెనకబట్టిన ఒక ఉదయం ఏటి ఒడ్డున బురదలో పడి ఉంది. మా అవ్వ పరుగెత్తిపోయి, కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, తడిసిన చీర తొలగించి చూసింది. నేను అవ్వ పక్కనే ఉన్నాను. నడుము పైన, వెన్నుకు కాస్త ఎడంగా, కత్తి దిగిన గాయం.

కాసేపటికి పోలీసు అధికారి వచ్చాడు. మెట్ట ప్రాంతం నుంచి కొత్తగా బదిలీ అయినవాడు, సముద్రం ఎరగడు. దారిలో మా ఊరి ప్రెసిడెంటు ఆటుపోట్ల గురించి ఆయనకు బోధ చేసుకుంటూ తీసుకొచ్చాడట. బూట్లకు బురదంటుతుందని గట్టు మీదే నిలబడ్డాడు.

అవ్వ కింద నుంచి అరిచింది: "పోటుండాది సారూ, ఈడ పోటుండాది, దిగొచ్చి చూడండి!"

"పోటు సంగతి ఇందాకే తెలిసిందిలే అవ్వా," అన్నాడాయన, కొత్తగా నేర్చుకున్న మాటను వాడే అవకాశం వచ్చినందుకు సంబరపడుతూ. "పోటులో ఏట్లో దిగకూడదని మీ ఆడోళ్లకు తెలవదా?"

"ఆ పోటు గాదయ్యా! కత్తిపోటు!"

గాలికి వినపడలేదని తర్వాత కొందరన్నారు. ప్రెసిడెంటుకు వినపడింది. ఆయన గబగబా కిందికి దిగి, చీర కొంగు సర్ది, గాయం కప్పేశాడు. "ఊరుకో పెద్దమ్మా. పోస్టుమార్టం అంటే బిడ్డని నిలువునా కోస్తారు. చేపల వేట సాగే రోజులు, మగోళ్లందర్నీ స్టేషన్లో కూర్చోబెడతారు. తెలిసే అంటుండావా?" అన్నాడు. పోటులో మునిగి పోయిందని అధికారి రాసుకుంటుంటే మా నాయన తల వంచుకున్నాడు. ఆ వంచిన తలను నేను ఈనాటికీ క్షమించలేదు.

మరుసటి ఏడాది సరుగుడు తోపులో ఒకామె, కొన్ని నెలలకు అదే తోపులో ఇంకొకామె, ఇద్దరూ వెన్నులో కత్తిపోట్లతో దొరికారు. తోపులోకి సముద్రం రాదు గనక వాళ్లను పోటు మీదికి తోసేయడానికి వీల్లేకపోయింది. పోలీసు జీపులొచ్చాయి. హత్యలు ఆ ఏడాదే మొదలయ్యాయని లెక్కేసి, ఆ ఏడాది ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడెవడని వెతికి, పీచుమిఠాయి అమ్ముకునే అతన్ని పట్టుకున్నారు. అతని గంట గణగణమంటే మేమంతా అన్నం కంచాలు వదిలి పరుగెత్తేవాళ్లం. గులాబీ రంగు పీచు నాలుక మీద పెట్టుకోగానే మాయమయ్యేది. అతన్ని దీపస్తంభానికి కట్టి కొట్టారు. అత్త పోయిన నాటికి ఆ మనిషి మా ఊరి మొహమే చూడలేదు. ఆమెను లెక్కలో వేసుకుని ఉంటే అతని కాలు విరిగేది కాదు. అవ్వ ఆ మాట చెప్పబోతే, "నీ కూతురు ఏట్లో పొయ్యింది గదమ్మా, దీనికీ దానికీ ఏం సంబంధం?" అన్నారు. అతను కుంటుకుంటూ వెళ్లిపోయాడు. అసలువాడు దొరకలేదు.

ఇప్పుడు అక్కడ ఏటి మీద వంతెన ఉంది. సరుగుడు తోపు కొట్టేసి రొయ్యల గుంటలు తవ్వారు. గంపలెత్తుకుని నడిచే ఆడవాళ్లు లేరు, గాలి పీల్చి పోటు చెప్పేవాళ్లు లేరు, అవ్వా లేదు, ప్రెసిడెంటూ లేడు. స్టేషనుకు వెళితే కుర్రాళ్లు మర్యాదగానే కూర్చోబెడతారు. "పాతది గదా పెద్దాయనా, ఇప్పుడెందుకు?" అంటారు. తోపులో పోయిన ఇద్దరివీ తేలని కేసులని వాళ్లే ఒప్పుకుంటారు. మా అత్తది తేలని కేసు కూడా కాదు. ఎవరూ వెతకకుండానే తేల్చేసిన కేసు.

హంతకుణ్ణి పట్టుకొమ్మని నేను అడగడం లేదు. వాడు ఈపాటికి ఏ మంచం మీదో హాయిగా పోయి ఉంటాడు. సినిమాలో వాడు దొరక్కపోయినా, అక్కడి పోలీసులు చచ్చినవాళ్లలో ఒక్కరిని కూడా లెక్క తప్పనివ్వలేదు. నాకు కావలసింది అంతే. ఆ స్టేషన్లో ఈ రోజు కుర్చీలో ఉన్నది ఎవరైనా సరే, నాకు టీ ఇప్పించనక్కర్లేదు, పెద్దాయనా అననక్కర్లేదు. మా చెంగమ్మత్తను నీళ్లు చంపాయా, మనిషి చంపాడా? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.