నొచ్చి మొక్క కింది పళ్ళెం

చెన్నై చింతాద్రిపేటలో ఒక వీధి మధ్య, పదిమంది చూస్తుండగా, నాకంటే వయసులో పెద్దదైన ఒక ఆడమనిషిని నేను చివాట్లు పెట్టాను. ఆ తప్పు ఆమెది కాదని మాట సగంలో ఉండగానే నాకు తెలిసిపోయింది. అయినా మాట పూర్తి చేశాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి తెలియక చేశానన్న సాకు ఉంది. దీనికి ఆ సాకు కూడా లేదు.

అప్పుడు నేను శానిటరీ ఆఫీసర్ని. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లు ఉన్నాయి. నగర ఆరోగ్య విభాగంలో కింది మెట్టున దోమల పని చేసే కార్మికులు, వారి మీద శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, వారి మీద నాలాంటివాళ్లు, మా మీద డాక్టరు చదువు చదివిన హెల్త్ ఆఫీసర్. తమిళుల ఐప్పసి నెల, అంటే అక్టోబరు వానలకు ముందు నన్ను వ్యాసర్పాడి నుంచి మార్చి, కూవం నది ఒడ్డునున్న చింతాద్రిపేట వార్డులు చూడమన్నారు. కాపురం మాత్రం వ్యాసర్పాడిలోనే ఉండేది.

దోమల ఉద్యోగం అనగానే అందరికీ పొగ మిషను గుర్తొస్తుంది. పొగ కొట్టడం జనానికి కనిపించే పని. అసలు పని నీళ్లు చూడటం. కూవంలో పుట్టే దోమ మురికినీటిది, రాత్రి కుడుతుంది. డెంగీ తెచ్చే చారల దోమ వేరు. అది మర్యాద తెలిసిన జీవి. ఇళ్లలో నిలవ ఉన్న శుభ్రమైన నీళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది, పుట్టిన ఇంటిని వదిలి ఎక్కువ దూరం పోదు. అందుకే ఒక ఇంట్లో డెంగీ అని ఆస్పత్రి నుంచి కబురు రాగానే చుట్టుపక్కల ఇళ్లన్నీ వెతుకుతాం. తొట్టి, డ్రమ్ము, కొబ్బరి చిప్ప, పాత టైరు, ఫ్రిజ్ వెనకాల ట్రే, ఏదీ వదలం. నీళ్లు గరిటెతో తీసి టార్చి వేస్తే, తలకిందులుగా వేలాడే సన్నటి పురుగులు కనిపిస్తాయి. వారం పది రోజుల్లో అవి దోమలై లేచిపోతాయి. పురుగు దొరికిన ఇంటి గుమ్మం పక్కన ఎర్ర చీటీ అంటిస్తాం.

ఆ ఏడు పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. మందులు కొట్టడం తగ్గించి, దోమకాటు తప్పించుకునే సహజ పద్ధతులు జనానికి నేర్పాలి. నాకు ఎంతో నచ్చింది. రిటైరయ్యేలోగా నా పేరు మీద ఏదో ఒక మంచి పని ఉండాలన్న కోరిక లోపల ఉండనే ఉంది. ఆటోకు మైకు కట్టించుకుని వీధి వీధి తిరిగాను. కొబ్బరినూనెలో కాస్త వేపనూనె కలిపి కాళ్లకూ చేతులకూ పూసుకోండి, ఎండిన నొచ్చి ఆకూ వేపాకూ నిప్పుల మీద వేసి పొగ పెట్టండి, లేత రంగు నిండు చేతుల బట్టలు వేసుకోండి, పగలు పడుకునే పసిపిల్లలకు కూడా దోమతెర కట్టండి, ఫ్యాన్ గాలికి దోమ నిలవలేదు అని చెప్పాను. ఇవన్నీ నిజాలే. వేపనూనె పనితనం కాసేపే ఉంటుందని, మళ్లీ మళ్లీ పూసుకోవాలని చెప్పడం మాత్రం మరిచిపోయేవాణ్ణి. నేను పూసుకుని వెళ్లిన ఒక మీటింగులో మా హెల్త్ ఆఫీసర్ తన కుర్చీని దూరంగా జరుపుకున్నారు. వేపనూనె దోమల మీదకంటే అధికారుల మీద బాగా పనిచేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

నొచ్చి అంటే తెలుగుదేశంలో వావిలి. కూవం పక్క ఇళ్లకు నొచ్చి మొక్కలు కుండీలతో సహా పంచాం. నిజానికి ఆ మొక్క ఊరికే నిలబడి దోమల్ని తరమదు. ఆకు నలపాలి, లేదా ఎండబెట్టి పొగ వేయాలి. జనం మాత్రం దాన్ని గుమ్మం దగ్గర కాపలా పెట్టి నిశ్చింతగా ఉన్నారు. నేనూ ఉండనిచ్చాను.

పంచిన కొద్ది రోజులకే ఫిర్యాదులు మొదలయ్యాయి. మేడమీది కుండీల్లో నీళ్లు పోస్తే, ఎర్రమట్టి నీళ్లు కారి కింది వాటావాళ్లు ఉతికి ఆరేసిన బట్టల మీద పడుతున్నాయట. ఒక ఇంట్లో తెల్ల పంచె ఎర్రబడి, తగవు పోలీసుల దాకా పోయేలా ఉంది. అక్కడ నా తెలివి మేల్కొంది. జార్జి టౌన్‌లో ప్లాస్టిక్ సామాను టోకున అమ్మే సందుకు నేనే వెళ్లి, కుండీల కింద పెట్టే పళ్ళేలు బస్తాలకొద్దీ కొని, తోపుడుబండి మీద ఎక్కించుకుని తెచ్చాను. ఇల్లిల్లూ తిరిగి స్వయంగా పంచాను. ఉద్యోగమంతా నిలవనీళ్ల మీద యుద్ధం చేసిన మనిషి, నీళ్లు నిలవడానికి వీలుగా పళ్ళేలు కొని పంచిపెట్టాడు! హెల్త్ ఆఫీసర్ మెచ్చుకున్నారు కూడా. అంతమాత్రాన తప్పులో ఆయనకు వాటా ఇవ్వను. ఆయన పళ్ళేన్ని చూడలేదు, నా ముఖంలో సంబరం చూసి మెచ్చుకున్నారు.

వానలు పట్టుకున్నాక ఒక ఉదయం కేసు వచ్చింది. అచ్చాఫీసులో పనిచేసే మురుగేశన్ అనే అతని కూతురికి డెంగీ, ఆస్పత్రిలో చేర్చారు. ఇన్‌స్పెక్టర్ దినకరన్‌ను వెంటబెట్టుకుని ఆ వీధికి వెళ్లాను. మురుగేశన్ ఎదురిల్లు కనకమ్మది. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. భర్త పోయాక ఇంట్లో గ్రైండరు పెట్టుకుని దోసెపిండి అమ్ముకుంటోంది. ఆ వీధిలో సగం ఇళ్లకు పొద్దుటి పలహారం ఆమె పిండితోనే జరిగేది. ఆమెకు కూడా ఆ పిండితోనే జరిగేది.

ఆమె మెట్ల మీద నొచ్చి కుండీలు వరుసగా ఉన్నాయి. దినకరన్ వంగి ఒక కుండీ ఎత్తి, కింది పళ్ళెంలో టార్చి వేశాడు. పురుగులు కుప్పలుగా ఉన్నాయి. అప్పటికే వీధి గుమిగూడింది. నిద్రలేని కళ్లతో మురుగేశన్ ముందుకొచ్చి, ఎవరింట్లో దొరికాయి సార్ అని తమిళంలో అడిగాడు. జనమంతా ఒక జవాబు కోసం చూస్తున్నప్పుడు, జవాబు చేతిలో ఉన్న అధికారికి కలిగే హాయి చెడ్డది. నేను గొంతు పెంచాను.

“ఏందమ్మా ఇది? ఎదురింటి పాప ఆస్పత్రిలో ఉంటే, నువ్వు ఈడ దోమల్ని పెంచతా ఉండావా?”

కనకమ్మ చేతులకు అంటిన పిండి కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. “కుండీ మీరు ఇచ్చినారు సార్. పళ్ళెం మీరు ఇచ్చినారు. వాన దేవుడు ఇచ్చినాడు. ఇందులో నేను పెంచింది ఏంది?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ క్షణంలో జార్జి టౌన్ సందు, తోపుడుబండి, బస్తాలు, అన్నీ నా కళ్ల ముందు నిలిచాయి. అక్కడే ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆ నవ్వు చెవిలో పడ్డాక ఆగడం నాకు చేతకాలేదు.

“పళ్ళెం ఇచ్చింది నీళ్లు నిలవబెట్టుకోమని కాదు! వారానికొకసారి పారబోయాలని తెలీదా?” అన్నాను. పంచేటప్పుడు ఆ మాట ఒక్క ఇంట్లో కూడా నేను చెప్పలేదు.

దినకరన్ ఎర్ర చీటీ చేతిలో పట్టుకుని, “ఇక్కడే అంటించాలా సార్?” అని నెమ్మదిగా అడిగాడు. అంటించమన్నాను. తరువాత మిగిలిన ఇళ్లు చూశాం. అవే పళ్ళేలు, అవే పురుగులు. వాటిని చడీచప్పుడు లేకుండా ఒంపించి, చీటీలు అంటించకుండానే బయటపడ్డాను. అన్ని గుమ్మాలకూ ఎర్ర చీటీ పడితే, ఆ పళ్ళేలు ఎవరిచ్చారని వీధంతా ఒక్క గొంతుతో అడిగేది.

ఇంటికి రాగానే చెప్పులు విడవకుండా మేడ ఎక్కాను. పంచగా మిగిలిన కుండీలూ పళ్ళేలూ కొన్ని మా ఇంటికీ తెచ్చుకున్నాను మరి. గబగబా పళ్ళేలు తిరగేస్తుంటే మా ఆవిడ వచ్చి చూసింది. “మీ డిపార్ట్‌మెంటు పిల్లకాయలు బాగానే ఈత కొడతా ఉండారే! ఈడా ఒక చీటీ అంటించి పోండి,” అంది. నేను చివరి పళ్ళెం కూడా తిరగేశాను.

కొన్నాళ్లకు పొద్దున్నే అదే వీధిలో తనిఖీకి వెళ్లాను. కనకమ్మ ఒక పెద్ద గిన్నెడు పిండి కాలువలో పారబోస్తోంది. కాలువలో ఆహారపదార్థాలు పోయడం మా నిబంధనలకు విరుద్ధం. అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

“రాసుకోండి సార్, ఇది కూడా రాసుకోండి,” అంది నావైపు తిరగకుండానే. “పులిసిపోయిన పిండి. ఎవురూ కొనరు. దోమల ఇంట్లో పిండి అంట. మొన్నటిదాకా పొద్దున్నే గిన్నెలు పట్టుకుని ఈడ నిలబడినోళ్లే, ఇప్పుడు ముక్కు మూసుకుని ఆ పక్కగా పోతా ఉండారు.”

డెంగీ పిండితో రాదు, దోమకాటుతో వస్తుంది. ఆ సంగతి వీధికి వివరించాల్సిన ఉద్యోగం నాదే. ఆమె వెనకే లోపలికి వెళ్లాను. తప్పు నాదని, పళ్ళేలు పంచడమే పొరపాటని, క్షమించమని అన్నాను. ఆ మాత్రానికే నా గుండె తేలికైంది. కనకమ్మ మాత్రం గిన్నె కడుగుతూనే ఉంది.

“తిట్టింది వీధిలో గదా నాయనా? మంచిమాట చెప్పేదానికి మాత్రం వంటింట్లోకి వస్తివే! నాకెందుకు చెప్పేది, నా తప్పు లేదని నాకు తెలీదా? చెప్పేదుంటే ఆడ చెప్పు.”

ఆడ చెప్పడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. మధ్యలో హెల్త్ ఆఫీసర్ దగ్గరికి పోయి పళ్ళేల సంగతి చెప్పేశాను. అధికారి వీధిలో తప్పు ఒప్పుకుంటే విభాగం పరువు పోతుందని ఆయన అంటారేమో, అప్పుడు ఆ మాట చాటున దాక్కోవచ్చు అని లోపల ఒక ఆశ. ఆయన అలా అనలేదు. ముందు ఆ పళ్ళేలు తీయించండి అని మాత్రం అన్నారు.

సహజ పద్ధతుల ఉపన్యాసాలకు వాడిన మైకు ఆటోనే ఆ వీధిలోకి పట్టుకెళ్లాను. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాను. పురుగులు పుట్టిన పళ్ళేలు నేనే తెచ్చి పంచానని, నీళ్లు పారబోయమని చెప్పలేదని, అందరి ఇళ్లలోనూ అవే దొరికినా ఒక్క కనకమ్మ గుమ్మానికే చీటీ అంటించానని, దోమలకూ ఆమె పిండికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. మైకులో నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. పిల్లలు నవ్వారు, పెద్దలు కొందరు తలలు తిప్పుకున్నారు. మురుగేశన్ దగ్గరగా వచ్చి, అయితే నా బిడ్డను కుట్టింది మీ దోమా అని అడిగాడు. అయ్యుండవచ్చు, ఏ దోమ కుట్టిందో ఎవరూ చెప్పలేరు, అది కనకమ్మ ఇంటిదని చెప్పే హక్కు మాత్రం నాకు లేదు అన్నాను. పాప అప్పటికి కోలుకుని ఇంటికి వచ్చేసింది, కిటికీలోంచి తొంగిచూస్తోంది. అందుకే అతను నా మీద చెయ్యి చేసుకోలేదనుకుంటాను.

ఎర్ర చీటీ నేనే గోటితో గీకి తీశాను. సగమే ఊడింది. మిగతా సగం తడిగుడ్డతో రుద్దాల్సి వచ్చింది. పళ్ళేలు వెనక్కి తీసుకోవడానికి దినకరన్‌తో కలిసి ఇల్లిల్లూ తిరిగాను. బట్టల తగవు ఉన్న ఇళ్లలో మాత్రం పళ్ళెం నిండా ఇసుక పోయించి ఉంచాం. ఇసుక తడి పీల్చుకుంటుంది, పైన నీళ్లు నిలవవు. ఆ పని మొదటే చేయాల్సింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది రెండే. దోమకాటు తప్పించుకోవడానికి పూతలూ పొగలూ మొక్కలూ ఎన్ని చెప్పినా, నీళ్లు నిలవకుండా చూడటం తరువాతే అవన్నీ. దాన్ని మొదట చెప్పనివాడు మిగతావి చెప్పకపోయినా నష్టం లేదు. రెండోది, పదిమందిలో మోపిన నిందను చాటుగా దించడం కుదరదు.

మైకు మాటలతో కనకమ్మ బేరం తిరిగి రాలేదు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన జనం గిన్నెలు తీసుకుని బయల్దేరరు. అందుకని మరునాటి నుంచి పొద్దున్నే, గుర్తింపు కార్డు మెడలో వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నె పట్టుకుని, ఆమె మెట్ల ముందు వీధికంతా కనిపించేలా నిలబడటం మొదలుపెట్టాను. మొదట్లో వరుసంతా నేనొక్కణ్ణే. పిండి సరిగా పులవలేదని ఒకరోజు అంటే, “వానకాలం పులవదు సార్. అదీ నా తప్పేనా?” అని గట్టిగా, వీధికి వినిపించేలా అంది. మా ఇంట్లో రోజూ దోసెలే. ఇంకెన్నాళ్లని మా ఆవిడ అడిగితే, నా వెనకాల ఇంకొకరు వచ్చి నిలబడేదాకా అన్నాను. ఒక ఉదయం మురుగేశన్ భార్య గిన్నె తీసుకుని వచ్చింది. నేను పక్కకు జరిగి, ముందు ఆమెకు పొయ్యమన్నాను.