ఉమ్మి మాస్టారి గొట్టాలు

మా ల్యాబు మాస్టారికి ఎదురుపడిన మనిషిని "బాగున్నారా" అని అడగడం రాదు. జేబులోంచి గాజు గొట్టం తీసి, మూత విప్పి, "కాస్త ఉమ్ముతారా?" అంటారు.

ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఆయన్ని చూస్తే లిఫ్టు నడిపేవాడు తలుపు మూసేసేవాడు. పెద్ద డాక్టరుగారు మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కిపోయేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ముందు కూడా గొట్టం చాపారు.

"నేనెవరో తెలుసా?" అని ఆయన మండిపడ్డాడు.

"తెలుసు సార్. కోపంలో నోరెండిపోతుంది. ఆ ఉమ్మి దొరకడం కష్టం. ఇప్పుడే ఇచ్చేయండి."

మాస్టారి భార్య ఓసారి నాతో అంది: "పెళ్లయిన దగ్గర్నుంచి 'తిన్నావా' అని అడిగిన పాపాన పోలేదమ్మా. 'ఉమ్మావా' అనే!"

ఆ ఆస్పత్రి ల్యాబులో నేను గొట్టాలు కడిగేదాన్ని. అమ్మ పోయాక ఇంట్లో వంటకి మనిషి లేక నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఊరికే చూస్తూ ఉంటాను. మాస్టారి ఉమ్మి పురాణం వినేదాన్ని నేనొక్కదాన్నే. సింకులో చేతులు పెట్టుకుని ఎక్కడికని పారిపోతాను?

"లాలాజల గ్రంథికి ముందు గుమ్మం నోట్లోకి, అమ్మాయ్. కడుపులో ఉండే పాంక్రియాస్‌కి పేగులోకి. అందరూ అక్కడే ఆగిపోతారు. రెండింటికీ పెరటి గుమ్మం కూడా ఉంది. తయారుచేసిన ప్రోటీన్లలో కాసిన్ని చప్పుడు చెయ్యకుండా రక్తంలోకి జారవిడుస్తాయి."

దీనిమీద ఆయన రాసిన వ్యాసం పదకొండుసార్లు తిరిగొచ్చింది.

"మళ్లీ వచ్చేసిందా మాస్టారూ?"

"వచ్చేసింది. ఈసారి తొందరగా వచ్చింది. అభివృద్ధే."

అలాంటి రోజుల్లో నాన్న కడుపునొప్పితో మెలితిరిగిపోయాడు. పాంక్రియాస్ వాచిందని పైవార్డులో చేర్చారు. పిండిని అరిగించే అమైలేజ్ అనే ప్రోటీను నాన్న రక్తంలో ఉండాల్సినదానికి పన్నెండు రెట్లుంది. పెరటి గుమ్మం బద్దలైపోయిందన్నమాట. ఆ అంకె తేల్చింది మా ల్యాబులోనే.

నాన్న నోట్లో నీటి చుక్క కూడా పోయొద్దన్నారు. పెదాలు తడిగుడ్డతో తుడుస్తుంటే ఆ గుడ్డనే చప్పరించబోయాడు. అది చూశాక నాకు ముద్ద దిగలేదు. "మీకింకెవరైనా ఉన్నారా?" అని నర్సు అడిగింది. లేరన్నాను. ఆవిడ కాగితంమీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

నాలుగోరోజు మాస్టారు నా ముందు గొట్టం చాపారు.

"వద్దు మాస్టారూ."

"మీ నాన్న రక్తంలో ఉన్నది నోటి సరుకా, పాంక్రియాస్ సరుకా తేల్చాలి. పోల్చుకోడానికి రక్తసంబంధీకుల ఉమ్మి కావాలి. అదీ తిన్న మనిషిది. ఖాళీ కడుపు ఉమ్మి నాకెందుకూ పనికిరాదు."

సంచిలోంచి డబ్బా తీసి వరండా బెంచీమీద పెట్టారు. రెండు రొట్టెలు, ఉడికించిన గుడ్డు.

"నాకు దిగదు."

"దిగక్కర్లేదు. నమిలితే చాలు. మింగడం నీ ఇష్టం."

నమిలింది ఊసేయబుద్ధి కాలేదు. ఏడుస్తూ మింగాను. మాస్టారు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు.

"కన్నీళ్లు గొట్టంలో పడనీకు. లెక్క చెడిపోతుంది."

అప్పట్నుంచి రోజూ అదే.

"నాన్న బతుకుతాడా మాస్టారూ?"

"తెలీదు. నములు."

ఒక్కరోజు కూడా ధైర్యం చెప్పలేదు. తొమ్మిదోరోజు అంకె పడిపోయిందని నేను మురిసిపోబోతే, "అంకె తగ్గితే జబ్బు తగ్గినట్టు కాదు. గుడ్డు తిను" అన్నారు.

పదిహేడోరోజు ఉదయం నాన్నకి చెంచాడు నీళ్లు పట్టారు. మంచం దిగుతాడో లేదో ఇంకా ఎవరూ చెప్పడంలేదు. కానీ ఆ నీళ్లు మింగి, "ఇంకో చెంచా" అన్నాడు.

ఆరోజే ల్యాబు ఫ్రిజ్‌లో మంచు కరిగించే పని నామీద పడింది. అడుగు అరలో నా గొట్టాలు పదమూడూ వరసగా ఉన్నాయి. ఒక్కదాని మూతా తీసిన జాడ లేదు. పరీక్షకి వెళ్లిన ప్రతి గొట్టమూ అక్కడ కలిపే మందు నీలం మరకతో నా సింకులోకి రావాలి. నావి ఒక్కటీ రాలేదన్న సంగతి, అన్నీ చూస్తాననుకునే నాకు తట్టనేలేదు.

ప్రతి గొట్టానికీ ఒక చీటీ. అంకె ఉండాల్సిన చోట మాస్టారి కోడికాళ్ల రాత:

"అర రొట్టె. ఏడ్చింది."

"ఒక రొట్టె."

"రెండు రొట్టెలు, గుడ్డు. పచ్చసొన కాగితంలో చుట్టి దాచింది. చూడనట్టు ఊరుకున్నాను."

నిన్నటిది: "మారు అడిగింది!"

వెనక అడుగుల చప్పుడైంది. ఫ్రిజ్ తలుపు మూసేశాను. మాస్టారు ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని నిలబడ్డారు.

"ఇవాళ పచ్చసొన కూడా తింటాను మాస్టారూ," అన్నాను. "రాసుకోండి."

ఆయన ఫ్రిజ్ వైపు చూశారు. నావైపు చూశారు. ఏదో అనబోయారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి మాస్టారి నోరే ఎండిపోయింది.

ఆయన చేతిలోని గొట్టం తీసుకుని, మూత విప్పి, ఆయన ముందే చాపాను.

"కాస్త ఉమ్ముతారా?"