రైలు కట్ట మీద ఉత్త చేతులతో

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ ముక్క చెప్పడానికి ఫలితాలు వచ్చినప్పటి నుంచి మనుషుల కోసం వెతుక్కుంటున్నాను. టెక్కలి బస్సులో కండక్టరుకి చెప్పాను. చిల్లర ఇవ్వడం మానేసి చెయ్యి కలిపాడు. మా వీధి మొదట్లో కట్టేసి ఉన్న గేదెకి కూడా చెప్పానంటే నమ్మండి. నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేనే.

ఇంకో కబురు కూడా ఉంది. మా ఊరి పాత రైలు కట్టని నడకదారి చేశారు. అదీ ఈ వారమే. రెండు కబుర్లూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. ఎవరికి ముందు చెప్పాలో ఆ మనిషే లేడు. నాన్న మొన్న వానాకాలంలో పోయాడు.

మాది టెక్కలి దగ్గర పల్లె. ఒకప్పుడు మా ఊరి పక్క నుంచి చిన్న రైలు నడిచేది. తర్వాత పెద్ద లైను వేసినప్పుడు మా ఊరి దగ్గర వంపు తీసేసి తిన్నగా వేసుకున్నారు. వంపులో ఉన్న పాత కట్ట, దాని చివరనున్న చిన్న స్టేషను అలాగే మిగిలిపోయాయి. పట్టాలు పీకేశారు. తుమ్మ మొలిచింది. ఊళ్ళోవాళ్ళు గడ్డిమేట్లు వేసుకున్నారు, పిడకలు ఆరబెట్టుకున్నారు. మిగతాది పాములది.

నాన్నది ఉద్దానం, ఇంటింటా కిడ్నీ జబ్బున్న కొబ్బరితోటల వైపు. కొబ్బరికాయలు దింపే పని. ఆయన అన్న కిడ్నీ జబ్బుతో పోయాక, నీళ్ళు మారితే ఈయనైనా బాగుంటాడని అమ్మ తన పుట్టింటి ఊరికి తీసుకొచ్చేసింది. నీళ్ళు మారాయి గానీ జబ్బు ఆయనతోనే వచ్చింది. పలాసలో డాక్టరు రక్తం రిపోర్టు చూసి మాత్రలు రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, రోజూ సాయంత్రం కాసేపు మెల్లగా నడవమన్నాడు.

మాత్రలు మింగడం సులువు. ఉప్పు తగ్గించడం కష్టమైనా ఇంటి లోపలి సంగతి. నడవడమే కుదరలేదు.

మా వైపు ఎదురుపడిన మనిషిని ఎక్కడికి అని అడగరు. అలా అడిగితే వెళ్ళే పని చెడుతుందని భయం. అందుకని "ఎందాకా?" అంటారు. అది పలకరింపే. కానీ దానికి జవాబు కావాలి. పొలం దాకా, కొట్టు దాకా, మా అత్తోరింటి దాకా. ఊరికే నడుస్తున్నాను అనే జవాబు మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే, ఏం, ఒంట్లో బాగోలేదా అంటారు. అక్కడే నాన్న చిక్కు. జబ్బని తెలిస్తే పనికి పిలవరని ఆయన భయం. ఉద్దానం రక్తం అని నాకు సంబంధాలు రావని అమ్మ భయం. చెట్టెక్కడం మానేసినందుకు మోకాళ్ళ నొప్పులని చెప్పుకున్నారు.

అందుకని నాన్న భుజాన ఖాళీ నీళ్ళ క్యాను వేసుకుని నడిచేవాడు. ఊరి చివర నీళ్ళ ప్లాంటు ఉంది. ఎవరైనా అడిగితే ప్లాంటు దాకా అనేవాడు. బరువు మొయ్యకూడదు కాబట్టి ఖాళీగానే వెనక్కి తెచ్చేవాడు. అదీ గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు పక్కన, దుమ్ములో.

దారిలో మా మావ టీ కొట్టు. ఆయన మా అమ్మకి వరసకి అన్న. ఊళ్ళో ఎవరు కదిలినా ఆయనకి లెక్క తెలియాలి.

"ఎందాకా బావా?"

"ప్లాంటు దాకా."

"రోజూ కేను అట్టుకెల్తావు, ఖాళీగా తెత్తావు. దార్లోనే తాగేత్తన్నావేటి?"

"కరెంటు నేదంట బావా."

"నా కొట్లో ఫేను తిరుగుతుంటే ఆడికి కరెంటు నేదేటి? నీ కోసం పెత్యేకంగా తీసేత్తన్నారా?"

కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చి క్యాను అరుగు మీద పెట్టి, అమ్మ పోసిచ్చిన అర గ్లాసు నీళ్ళు చుక్క చుక్కగా తాగేవాడు.

నేను డిగ్రీలో చేరిన ఏడాది, పోలీసు సెలక్షన్ల కోసం రోడ్డు మీద పరుగులు తీసే మా ఊరి కుర్రాళ్ళలో ఒకడు లారీ గాలికి తుప్పల్లోకి పడ్డాడు. మోచేతులు చీరుకుపోయాయి. అప్పుడు మాకు కట్ట గుర్తొచ్చింది. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలమూ, ఆ పరుగుల కుర్రాళ్ళూ కలిసి ఆదివారాలు తుమ్మ కొట్టడం మొదలుపెట్టాం. సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకి వెళ్ళి, ఇది జనం నడుచుకునే దారి చెయ్యండని దరఖాస్తు ఇచ్చాం.

మావకి నెల రోజులకి సరిపడా వినోదం దొరికింది.

"నడవడానికి దరకాస్తు ఎట్టినారంట! ఓలమ్మో! ఉడుపుల కాడ్నించి కోతల దాకా నడిసి నడిసి మా మోకాళ్ళు అరిగిపోనాయి. సదువుకున్నోల్లకి నడక కూడా గవర్నమెంటే నేర్పాలేటే?"

"నువ్వూ రా మావా. పొట్ట తగ్గుతుంది."

"నా పొట్టతో నీకేటే పని? కట్ట మీద నా గడ్డిమేటు తీసీమంటావు గావాల. అది తీత్తే మీ అత్త నన్ను ఇంట్లోంచి తీసీగల్దు."

కట్ట మీద అన్నిటికన్నా పెద్ద మేటు ఆయనదే.

కొన్నాళ్ళకి ఒక ఆఫీసరు వచ్చి బడి వరండాలో మీటింగు పెట్టాడు. దీనివల్ల ఊరికేం ఉపయోగమని అడిగాడు. కుర్రాళ్ళు పరుగుల సంగతి చెప్పారు. మావ లేచాడు.

"ఈల్లకి ఉద్యోగాలొత్తే ఎలిపోతారు బాబూ. ఊర్లో ఉండీవోల్లకి దానివల్ల ఏటొత్తాది? ఊరికే నడిసీవోడు ఈ ఊర్లో ఒక్కడున్నాడేటి?"

అవునవునన్నారు చాలామంది. ఆఫీసరు పెన్ను మూత పెట్టేస్తున్నాడు. అప్పుడు వెనకాల స్తంభానికి ఆనుకుని ఉన్న నాన్న ముందుకొచ్చాడు. పక్కనున్న అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నానున్నాను బాబూ," అన్నాడు నాన్న. "నాకు కిడ్నీలు పాడైపోనాయి. డాక్టరు నడమన్నాడు. రోడ్డు మీదెల్తే అందరూ ఎందాకా అంటారు. ఏటి సెప్పాలో తెలీక ఖాళీ కేను మోసుకుని తిరుగుతన్నాను. ఉత్త సేతుల్తో నడవాలనుంది నాకు."

అంతే చెప్పి, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు మళ్ళీ స్తంభం దగ్గరికే వెళ్ళాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ అంది: "నా కొడుక్కీ అదే బాబూ. ఆడు గుమ్మం దిగడమే మానేసినాడు."

ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయి గిన్నెలు విసిరింది.

"ఇన్నాళ్ళూ దాసింది ఎందుకు? రేపు దీన్నెవులు సేసుకుంటారు?"

"దాన్ని ముందు సదవనీయే," అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే మావ మా ఇంటి ముందు నుంచి వెళ్తున్నాడు. నెత్తి మీద గడ్డిమోపు. వెనకాల అత్త నెత్తి మీద ఇంకోటి. మా గుమ్మం వైపు చూడకుండా వెళ్ళిపోదామనుకున్నాడు గానీ నాన్న అరుగు మీదే ఉన్నాడు.

"ఎందాకా బావా?"

మావ ఆగాడు. మోపు కింద మొహం సగమే కనిపిస్తోంది.

"నీకు దారియ్యడానికి ఎల్తన్నాను. మల్లీ ఎందాకా అంట. సిగ్గుండాల."

తుమ్మ కొట్టుకుంటూ మేం కట్ట మధ్యలోని తూము దాకా వెళ్ళాం. అక్కడి దాకా నాన్న నడిచేవాడు. మొదటిరోజు ఉత్త చేతులతోనే బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాడు. క్యాను తీసి భుజాన పెట్టుకున్నాడు.

"అదెందుకు నాన్నా ఇంకా?"

"సేతులెక్కడెట్టుకోవాలో తెల్డం నేదే," అన్నాడు.

తూము గట్టు మీద క్యాను పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. అక్కడి నుంచి చూస్తే తుమ్మల మధ్యలో స్టేషను గోడ కనిపిస్తుంది. పెళ్ళికొడుకై వచ్చినప్పుడు ఆయన ఆ స్టేషనులోనే దిగాడట. నౌపడలో రైలు మారి, చిన్న రైల్లో మగపెళ్ళివారంతా ఇరుక్కుని, ఒళ్ళో కొబ్బరి గెలలు పెట్టుకుని.

"మీ మావే ఎదురొచ్చినాడు. అప్పుడూ ఎందాకా అనే అడిగినాడు ఎదవ. బాసికం కట్టుకుని దిగినోన్ని!" అని నవ్వి, "నువ్వు డిగ్రీ పాసైన్నాడు ఆ టేసను దాకా ఎల్దాం. కేను ఇంట్లో ఒగ్గేసి," అన్నాడు.

తర్వాత అన్నీ నెమ్మదించాయి. కట్ట ఏ శాఖ కిందికొస్తుందో తేలాలన్నారు. తూముకి అవతల పక్క అలాగే ఉండిపోయింది. నాన్నకి పాదాలు వాచాయి. పలాసలో డయాలసిస్ మొదలైంది. ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకునేవాడు, సూదులు గుచ్చిన బుడిపెలు కనపడకుండా. దాచేదేమీ లేకపోయినా అది మాత్రం దాచేవాడు. తూము దాకా వెళ్ళడం మానేశాడు. తర్వాత వీధి మలుపు దాకా. తర్వాత అరుగు దాకా.

నేను కాలేజీ నుంచి రాగానే మంచం మీంచి అడిగేవాడు.

"ఎందాకొచ్చినాది?"

చదువు సంగతో కట్ట సంగతో నేను అడిగేదాన్ని కాదు. రెండూ చెప్పేదాన్ని. అయిదో సెమిస్టరు అయింది నాన్నా. కొలతలు తీసుకెళ్ళారు నాన్నా. ఆఖరి పరీక్షలు రాసేశాను నాన్నా. కంకర తోలుతున్నారంట నాన్నా. చివరి రోజుల్లో కళ్ళు మూసుకునే వినేవాడు. విన్నట్టు వేలు కదిపేవాడు.

ఆయన పోయిన రోజు రోడ్డంతా నీళ్ళు నిలిచాయి. కట్ట మీద నుంచే తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు, మాలో ఆడపిల్లలు వెళ్ళరు. తూము దగ్గరే శ్మశానం వైపు కిందికి దిగిపోయామని మావ వచ్చి చెప్పాడు.

నిన్న దారి తెరిచారు. పొద్దున్నే ఊరంతా వచ్చింది. చూస్తే ఒక్కరి చేతులూ ఖాళీగా లేవు. ఒకావిడ గంప తెచ్చుకుంది. ఒకాయన కొడవలి. ఇంకొకాయన ఆవుని తీసుకొచ్చాడు. ముసలమ్మ కొడుకు వచ్చాడు. నిజంగానే గుమ్మం దిగి వచ్చాడు, చేతిలో రేడియోతో. అమ్మ నాన్న క్యాను పట్టుకుంది. మావ ఒక్కడే ఏమీ తేకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసేసుకున్నాడు.

"అడుగు మావా," అన్నాను.

"ఎందాకే?" అన్నాడు.

"స్టేషను దాకా."

అమ్మ తూము దాకా వచ్చి గట్టు మీద కూర్చుంది. క్యాను పక్కన పెట్టుకుంది. "నువ్వెల్లు. నానీడే కూకుంటాను," అంది.

నేనొక్కదాన్నే వెళ్ళాను. నాన్న చెప్పింది నిజమే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి ఊపాను, ఒకసారి కట్టుకున్నాను. స్టేషనుకి కప్పు లేదు, అరుగు మాత్రం గట్టిగానే ఉంది. అవతలి ఊరావిడ ఎవరో దాని మీద జీడిపిక్కలు ఆరబోస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"ఎందాకమ్మా?"

"ఇక్కడిదాకేనండి."

ఆవిడ ఇంకా చూస్తోంది. ఇక్కడేముందని అనుకుని ఉంటుంది. ఉండబట్టలేక చెప్పేశాను.

"నేను డిగ్రీ పాసయ్యానండి."

"ఓలమ్మ నా తల్లే!" అంది ఆవిడ, మొహమంతా విప్పారిపోయి. "మీ నాన్నకి సెప్పీసినావా?"

చెప్పానన్నట్టు తలూపాను. ఆవిడ వంగి రెండు దోసిళ్ళ జీడిపిక్కలు తీసి నా చున్నీలో పోసింది. వద్దంటే వినలేదు. ఇంత మంచి కబురు చెప్పినదాన్ని ఊరికే పంపుతారా అంది.

తిరిగొచ్చేసరికి అమ్మ అలాగే కూర్చుని ఉంది.

"టేసను దాకా ఎల్లినావా?"

"వెళ్ళాను."

"ఉత్త సేతుల్తోనేనా?"

"ఉత్త చేతుల్తోనే."

అమ్మ నా చున్నీ మూట చూసింది. క్యాను మూత తీసి నా ముందు పట్టుకుంది. పిక్కలన్నీ అందులో పోశాను. లేచి దాన్ని భుజానికెత్తుకుని, గలగలమని చప్పుడవుతుంటే నా ముందు నడిచింది.