గుమ్మడికాయకి నేను పాడిన పాట

మా డిగ్నాబాద్ పేటలోని తెలుగు క్రైస్తవ మందిరం కప్పు లేకుండా వానలో తడిసిందంటే అందరూ తుపాను అనుకుంటారు. తుపాను కాదు, నేను. అదెలాగో వింటే మీ ఇంట్లో ఉన్న తెలివితక్కువవాడి మీద మీకు కొత్తగా గౌరవం కలుగుతుంది.

ముందు నా తరఫున ఒక్క మాట. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకి వచ్చినవాళ్ళు. అమ్మ జెట్టీలో చేపలు కొని బజార్లో అమ్మి నన్ను చదివించింది. జెట్టీలో వేలం వేసేది మా యోహాను మావయ్య. మందిరంలో పెద్దా ఆయనే, పండుగ వేలాలు వేసేదీ ఆయనే. ఆయన ధర అరిచాడంటే కాళ్ళ దగ్గర చేప ఉన్నట్టే. చేప లేకుండా ధర అరిచే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అమ్మ పొద్దున్న డబ్బు కట్టకుండా చేప తెచ్చుకునేది. సాయంత్రం అమ్మాక అసలు కట్టేసేది. మిగిలింది మాది. నాకొచ్చిన ఆర్థికశాస్త్రం అంతా ఇదే.

హాడో రేవులో ఓడ సరుకుల ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేస్తున్న రోజుల్లో ఫోన్‌లో ఒక సైటు కనబడింది. అన్నీ క్రిప్టో నాణేల ధరలు. పచ్చగా ఒకటి, ఎర్రగా ఇంకొకటి, చూస్తుండగానే మారిపోతున్నాయి. ఇన్ని ధరలు అరుస్తున్నవాడి దగ్గర ఎన్ని గంపల సరుకు ఉండాలి! లోపల 'మీ పోర్ట్‌ఫోలియో' అని ఒక పేజీ ఉంది. ఏ నాణెం, ఎన్ని అని అడిగింది. అన్నిటికంటే ఖరీదైనది ఎంచుకుని, ఆశపోతు అనుకోకూడదని రెండు మాత్రమే కొట్టాను. పైసా అడగలేదు. ఓహో, జెట్టీ పద్ధతే అనుకున్నాను. సరుకు ముందు, అసలు తర్వాత. కొన్నాళ్ళకి ధర పెరిగి, పచ్చ అంకెల్లో నా లాభం వచ్చి కూర్చుంది. దాంతో మా ఆఫీసునే కొనేయొచ్చు. ఆ ఆఫీసు నాకు నచ్చదు కాబట్టి వదిలేశాను.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నేనైతే ఆ సోమలింగానికి బడిలో సీటు కూడా మాట్లాడేశాను.

ఇంతలో కోతల పండుగ వచ్చింది. ఆ రోజు అందరూ తెచ్చిన కాయా కసరూ, కోడీ గుడ్డూ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. వచ్చిన డబ్బు మందిరానికి. ఆ ఏడు తుప్పు పట్టిన కప్పు రేకులు మార్చాలని అనుకున్నారు. మావయ్య ఒక గుమ్మడికాయ పైకెత్తాడు.

"ఎవరు పాడతారు? దేవుని పని, బేరాలాడకండి!"

నేను లేచి నిలబడ్డాను. "మావయ్యా, దానికి నా పాట, కప్పు రేకులు."

"ఏటన్నావ్ అల్లుడూ? ఎన్ని రేకులు?"

"మొత్తం."

"పక్కా?"

"పక్కా మావయ్యా."

పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరసలో ఉన్న అమ్మ, చుట్టూ ఒకసారి చూసి, కొంగు సర్దుకుంది. నా భార్య రూతు చూపులో మాత్రం స్తోత్రం ఏమీ కనబడలేదు.

మావయ్య జెట్టీ మనిషి. పాట కొట్టేశాక ఇంక ఆలస్యం ఉండదు. మర్నాడే పాత రేకులన్నీ దింపించేశాడు. సరిగ్గా అప్పుడే సముద్రంలో అల్పపీడనం పట్టింది. మాకు అల్పపీడనం చుట్టంలాంటిది. వచ్చే ముందు చెప్పదు, వచ్చాక వెళ్ళదు.

సాయంత్రం లాభం తీసుకుందామని సైటు తెరిచాను. తీసుకునే బటన్ ఎక్కడా లేదు. రూతు వచ్చి పక్కన కూర్చుంది.

"ఎంత కట్టేరు దీనికి?"

"ఏమీ కట్టలేదు."

"కట్టకపోతే ఎవడిచ్చేడండీ?"

"ఎన్ని అని అడిగింది. రెండన్నాను. ఇచ్చింది."

"అరే, ఎవడూ ఇవ్వలేదు! మీరు రెండని కొట్టేరు, రెండింటి ధర ఎంతో అది చూపించింది. ఇరవై కొట్టండి, చూద్దాం."

కొట్టాను. నా ఆస్తి పదింతలైంది. నిజం చెప్పాలి కదా, భయం కంటే ముందు నాకు సంతోషం వేసింది.

"ఇప్పుడు సున్నా కొట్టండి."

చెయ్యి రాలేదు. తనే కొట్టింది.

"మరి ఈ సైటు దేనికే?"

"ధర చూసుకోడానికి. కొనేవాళ్ళు వేరే చోట కొంటారు, వేరే చోట దాచుకుంటారు. ఇక్కడికొచ్చి పెరిగిందా తగ్గిందా అని చూసుకుంటారు. బస్, అంతే."

పైన రేకుల మీద వాన మొదలైంది. మా ఇంటి పైన రేకులున్నాయి మరి.

ఆదివారం ఆరాధన గొడుగుల కింద జరిగింది. పాస్టరుగారు నోవహు ఓడ గురించి ప్రసంగించారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నేను దొంగిలించలేదు, వేలంలోనే పాడుకున్నాను. అయినా ప్రసంగం అయ్యేదాకా తడుముకుంటూనే ఉన్నాను. అమ్మ ముందు వరసలో తడుస్తూ కూర్చుంది. ఆవిడ జన్మలో ఏ సాయంత్రమూ మావయ్యకి బాకీ ఉంచలేదు. ఆ మాట గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాను.

ఆరాధన అయ్యాక మావయ్యని పక్కకి పిలిచాను.

"మావయ్యా, నా దగ్గర నాణేలు లేవు."

"ఎక్కడికి పోయేయి?"

"ఎప్పుడూ లేవు. ధర ఒక్కటే ఉంది."

ఆయన జెట్టీలో లెక్క చెప్పినట్టు వేళ్ళు మడిచాడు. "చేప లేదు. ధర ఉంది."

"అవును."

"నువ్వు దాన్ని చూసుకుంటూ కూర్చున్నావు."

"అవును మావయ్యా."

"సరే. పాట పాడినోడు కట్టాలి అల్లుడూ."

కట్టాను. నా స్కూటర్ అమ్మి, చాలనిదానికి రూతు చిట్టీ పాడి, డైరీ ఫార్మ్ పేటలో ఒక కొట్లో రేకులు కొన్నాను. స్కూటర్ కొన్నది యోహాను మావయ్యే. పొద్దున్నే నేను హాడోకి నడిచి వెళ్తుంటే ఆయన దాని మీద హారన్ కొట్టుకుంటూ నన్ను దాటిపోతాడు. అలాంటి పాత స్కూటర్ ధర ఎంతుందో ఫోన్‌లో అప్పుడప్పుడు చూస్తుంటాను. పెరుగుతోంది. ఇలాంటి సైట్లు దేనికో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

మొన్న కోతల పండుగ వేలంలో నుదుటి మీద చెమట తుడుచుకుందామని చెయ్యెత్తాను. మావయ్య వేలం ఆపేశాడు. "అల్లుడూ, కొంటున్నావా, చూస్తున్నావా?"

"చూస్తున్నాను మావయ్యా."

"చూసుకో."

అందుచేత ఆ కొత్త రేకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కాళ్ళ దగ్గర చేప కనబడనిదే ఈ జన్మలో ఏ ధరకీ చెయ్యెత్తను. వేలం ముగిసేదాకా చెమట కూడా తుడుచుకోను.