రాడార్ మీద చిన్న చుక్క

ఓడ ఉద్యోగానికి సెలవు పెట్టి గౌడవెల్లిలో అక్క దగ్గర ఉన్న రోజుల్లో నాకు ఇంటి దగ్గరే చేసుకునే పని ఒకటి దొరికింది. ఓడ నడిపే అధికారులకు సలహా చెప్పేందుకు ఒక కంపెనీ ఏఐని తయారుచేస్తోంది. సముద్రంలో ఎదురయ్యే చిక్కులు నేను రాసి దాన్ని అడగాలి, అది చెప్పే జవాబు తప్పో ఒప్పో తేల్చాలి.

మొదట్లో దాని తప్పులు చాలానే పట్టుకున్నాను. పొగమంచులో ముందు నుంచి ఓడ వస్తుంటే ఎడమకు తిప్పమంది ఒకసారి. అలా తిప్పితే రెండూ గుద్దుకునే ప్రమాదం ఉందని రాసి పంపాను.

ఒక మధ్యాహ్నం, ఎందుకో, కొన్నేళ్ల కిందట నాకు జరిగిందే రాశాను. తెల్లవారింది, దట్టమైన పొగమంచు. రాడార్ మీద ఒక చిన్న చుక్క కనబడి మాయమవుతోంది. రెండు రోజులుగా నిద్ర లేని కెప్టెన్ ఇప్పుడే పడుకున్నాడు. డ్యూటీలో ఉన్న అధికారి ఏం చేయాలి?

"ఆ చుక్కను పడవగానే భావించండి. వేగం తగ్గించండి. హారన్ మోగించండి. కెప్టెన్‌ను లేపండి."

'ఒప్పు' అని నొక్కడానికి చేయి రాలేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేనే, వాటిలో ఒక్కటీ చేయలేదు. ఏదో అల అనుకున్నాను. లేపితే కెప్టెన్ తిడతాడని భయపడ్డాను. చేపల పడవ మా ఓడకు తగిలి తిరగబడింది. అందులో ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముణ్ణి పైకి లాగాం. అన్న దొరకలేదు. హారన్ మోగించాననీ, రాడార్ మీద ఏమీ కనబడలేదనీ విచారణలో చెప్పాను. తమ్ముడి మాట ఎవరూ నమ్మలేదు, పడవవాళ్లే చూసుకోకుండా అడ్డం వచ్చారని తేల్చారు.

సాయంత్రం తుర్కపల్లిలో తను పనిచేసే మందుల ల్యాబ్ నుంచి అక్క కంపెనీ క్యాబ్‌లో వచ్చేసరికి నేనింకా అక్కడే కూర్చుని ఉన్నాను.

"ఏందిరా, గట్ల కూసున్నవ్? అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది."

మొత్తం చెప్పాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. అక్క భుజం మీది బ్యాగు దించనేలేదు.

"మా ల్యాబ్‌ల తేడా వస్తే జేసినోళ్లే ముందుగాల రాసియ్యాలె. దాసిపెడితే ఇంకోళ్ల పానం మీదికొస్తది," అంది. బ్యాగు కింద పెట్టి, "గా తమ్ముడు బతికే ఉన్నడు గద?"

"ఉన్నడు."

"మరి ఆయన్ని అబద్దాలోణ్ణి జేసినవ్ గదరా."

మర్నాడు విచారణ ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఏఐ కంపెనీకీ చెప్పాను, ఆ పని పోయింది. విచారణ మళ్లీ జరిగింది. నా లైసెన్సు రద్దయింది. పడవవాళ్ల తప్పేమీ లేదని కొత్తగా రాశారు.

ఆ విచారణకు తమ్ముడూ వచ్చాడు. అంతా అయ్యాక వరండాలో నా ఎదురుగా నిలబడ్డాడు.

"హారన్ మోగలేదని అప్పుడే మొత్తుకున్నానండి. మా వదిన కూడా నన్ను నమ్మలేదు."

క్షమించమని అడగబోయాను. అతను జవాబు కోసం ఆగలేదు. తీర్పు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వదినకు చూపించాలంటూ బస్టాండు వైపు నడిచాడు.