ఆరింటి సైరన్, అన్న వేలిముద్ర

మొన్న కార్తీకంలో బోధన్ బస్సులో వెళ్తుంటే చెరకు తోటల మీద మంచు దట్టంగా పరుచుకుని ఉంది. ముందు పోతున్న ఎడ్లబండి కూడా కనబడని ఆ తెల్లదనంలోంచి చక్కెర ఫ్యాక్టరీ ఆరింటి సైరన్ మోగింది. నా కుడిచెయ్యి కలం పట్టుకున్నట్టు దానంతటదే ముడుచుకుంది. పక్కనున్నాయన చలిపెడుతోందా అని అడిగితే అవునన్నాను. పదిహేనేళ్లుగా ఆ సైరన్ వింటే ఇంతే.

చెరకుకు పురుగుమందు చల్లే చిన్న విమానాలు దిగడానికి అప్పట్లో బోధన్ దారిలో ఒక మట్టి మైదానం ఉండేదని ఈ వైపు వారికి గుర్తుండవచ్చు. అక్కడ పనిచేసింది మేమిద్దరమే. నేను వైర్‌లెస్ చూసేవాణ్ని. మోస్రా ఊరి నుంచి వచ్చే అన్న, రక్తసంబంధం లేకపోయినా నాకు అన్నే, మైదానంలోకి వచ్చిన బర్రెలను తోలి, జెండా ఊపి విమానాన్ని దింపేవాడు. ఒక ఏడు పైనుంచి కాగితం వచ్చింది, ఇకనుంచి వాతావరణం కూడా మేమే చూసి రోజూ ఉదయం ఆరింటికి హైదరాబాదుకు చెప్పాలని. అదనంగా మనిషినివ్వలేదు. వాన కొలిచే పాత్ర ఒకటి, రిజిస్టరు ఒకటి ఇచ్చారు.

చూపు ఎంత దూరం ఆనుతుందో చెప్పడానికి మాకున్న కొలత ఫ్యాక్టరీ చిమ్నీ. అది కనిపిస్తోందని మేం చెబితేనే హైదరాబాదులో విమానం లేచేది. చూడటం అన్న పని, రాసి పంపడం నా పని. చూసినవారు ఆ రోజు వరుస పక్కన గుర్తు పెట్టాలి. అన్నకు చదువు రాదు గనుక వేలిముద్ర. రోజూ సిరా ఎందుకని, సోమవారం నాడే వారానికి సరిపడా ముద్రలు ఖాళీ వరుసల పక్కన వేసేవాడు. "రేపటి మబ్బుకు గూడ ఇయ్యాల్నే ఏలు ఏస్తున్న తమ్మి, దేవుని కన్న నేనే నయం" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఆ ఉపాయం చెప్పింది నేనే.

ఫ్యాక్టరీలో చెరకు గానుగ మొదలైన కొత్తలో ఒక గురువారం, చలికి దుప్పటి తీయబుద్ధి కాలేదు. సైరన్ చెవి పక్కనే మోగినట్టు వినిపించింది, చెరకు పాకం వాసన గదిలోకి వస్తోంది. ఇంత దగ్గరగా వినిపించేది కనిపించకుండా ఎక్కడికి పోతుందనుకుని, కిటికీ అయినా తెరవకుండా, చిమ్నీ కనిపిస్తోందని రాసి అదే పంపేశాను. కాసేపటికి అన్న తడిసిన తలగుడ్డతో గుమ్మంలో నిలబడ్డాడు.

"తమ్మి, చిమ్నీ కాదు, నా చేతుల జెండనే నాకు కనబడ్తలేదు. ఇమానం రావద్దని చెప్పు."

అప్పటికింకా విమానం లేవలేదు. మరొక్క మాట పంపితే ఆగిపోయేది. కానీ మొదటిది చూడకుండా రాశానని బయటపడుతుందన్న భయం నన్ను పట్టుకుంది.

"చెప్పిన అన్నా," అన్నాను.

అన్న నమ్మి, జెండా చుట్టేసి, చలికాచుకోవడానికి పొయ్యి ముట్టించాడు. కొంతసేపటికి మంచు పైన విమానం చప్పుడు వినిపించింది. అన్న నా ముఖంలోకి చూసి, మండుతున్న కట్టె పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాడు. ఆ చప్పుడు రెండుసార్లు చుట్టూ తిరిగి, మూడోసారి చెరకు తోటలోకి దిగి ఆగిపోయింది. నాకన్నా చిన్నవాడైన ఆ పైలట్ బతికాడు గానీ మళ్లీ నడవలేదు.

విచారణకు వచ్చినవారు రిజిస్టరు తెరిచారు. గురువారం పక్కన ముద్ర ఉంది. నన్నడిగితే, ఆ వేలిముద్ర ఎవరిదైతే చిమ్నీ చూసింది ఆ మనిషేనన్నాను. అన్న తల వంచుకుని, "ఏలు నాదే సారూ" అన్నాడు. ఆ పొద్దున నాకు వచ్చి చెప్పిన సంగతి బయటపెట్టలేదు. అతని కొలువు పోయింది, నాది నిలిచింది.

ఈ ఎండాకాలం అన్న పోయాడని తెలిసి మోస్రా వెళ్లాను. వదిన నాకు చాయ ఇచ్చి, ఎవరడిగినా అన్న ఒకటే మాట అనేవాడని చెప్పింది: "సూడకముందే ఏలేసిన, తప్పు నాదే." ఆ చాయ తాగి వచ్చేశాను. ఆమెకు అప్పుడే చెప్పవలసింది. చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను, ముందు ఆమెకే చదివి వినిపిస్తాను.

ఇప్పుడా మైదానం దున్ని చెరకు వేశారు. వాతావరణం రేడియోలో వస్తుంది, పొద్దున్నే బయటికి వెళ్లి చూసి రమ్మని ఎవరూ ఎవరినీ పంపరు. నేను మాత్రం చలికాలమంతా సైరన్ మోగగానే లేచి బయటికి వస్తాను, చిమ్నీ కనిపించేదాకా నిలబడతాను. ఆ గురువారం బయటికి వెళ్లి చూసిన మనిషి ఒక్కడే. కనిపించడం లేదనే అతను చెప్పాడు.